జాయిస్టుల్లో వైరింగ్ బెజ్జాలు: ఏ డ్రిల్లు తీసుకోవాలి, ఏ బిట్టు పెట్టాలి

కరెంటు ప్యానెల్ ఒక మూల, లైట్లూ ప్లగ్గులూ ఇంకో మూల. మధ్యలో 15 జాయిస్టులు అడ్డం. అమెరికాలో బేస్‌మెంట్ ఫినిష్ చేసుకునే తెలుగువాళ్లు డ్రిల్లు కోసం వెతకడం మొదలుపెట్టేది ఇక్కడే. మన ఊళ్లో స్లాబు ఇంటికైతే సీలింగు పైపులు కాంక్రీటు పోసే రోజే పడిపోతాయి, గోడకు గాడి కొట్టి మిగతా పైపు పూడుస్తాం. న్యూజెర్సీలోనో ఒహాయోలోనో ఉన్న చెక్క ఇంట్లో పై అంతస్తు నేలను మోసేది వరసగా నిలువు పలకల్లా పెట్టిన దూలాలు. వాటినే జాయిస్టులంటారు. వైరు వాటికి అడ్డంగా పోవాలంటే ఒక్కోదానికీ ఒక్కో బెజ్జం వేయాల్సిందే.

సాధారణంగా జాయిస్టులు 16 అంగుళాలకు ఒకటి చొప్పున ఉంటాయి. 20 అడుగులు అడ్డంగా పోతే 15 బెజ్జాలు. నాలుగు సర్క్యూట్లుంటే, బెజ్జానికి రెండు వైర్ల లెక్కన 30. ఏ డ్రిల్లు కొనాలన్నది నిర్ణయించేది ఈ అంకే. 15 బెజ్జాలకు సరిపోయే పనిముట్టు 150 బెజ్జాలకు మణికట్టు విరగ్గొడుతుంది. 150కి సరిపోయేది 15కి కొంటే డబ్బు దండగ.

అసలు డ్రిల్లు అవసరమా, ముందు పైకి చూడండి

మూడు రకాల జాయిస్టులు కనిపిస్తాయి. ఒకటి మామూలు కోసిన చెక్క: 2x8, 2x10, 2x12. పేరు 2 అంగుళాలని ఉన్నా అసలు మందం అంగుళంన్నరే. ఎత్తులు వరసగా 7.25, 9.25, 11.25 అంగుళాలు. ఈ వ్యాసమంతా ప్రధానంగా వీటి గురించే.

రెండోది ఐ-జాయిస్టు. ఇంగ్లిష్ ఐ అక్షరంలా పైనా కిందా మందపాటి పట్టీలు, మధ్యలో చెక్క పెచ్చులను జిగురుతో నొక్కి చేసిన పల్చటి ఓఎస్‌బీ పలక. కొత్త ఇళ్లలో ఇదే ఎక్కువ. మధ్య పలకలో సుమారు అంగుళంన్నర వెడల్పున గుండ్రంగా సగం కోసి వదిలిన గుర్తులుంటాయి. సుత్తితో చిన్న దెబ్బ వేస్తే ఊడిపోతాయి. రోమెక్స్ వైర్లకు (ప్లాస్టిక్ తొడుగులో రెండు మూడు తీగలు కలిపిన ఇంటి వైర్లు) ఆ దారి చాలు, డ్రిల్లు ఖర్చే లేదు. వేరే చోట బెజ్జం కావాలంటే ఆ కంపెనీ ఇచ్చే బెజ్జాల పట్టిక చూసి మధ్య పలకలోనే వేయాలి. పై పట్టీని గానీ కింది పట్టీని గానీ తాకకూడదు. భారమంతా ఆ పట్టీల మీదే ఉంటుంది.

మూడోది ఫ్లోర్ ట్రస్. సన్న కర్రలను ఇనుప పళ్ల ప్లేట్లతో త్రికోణాల్లా కలిపింది. దాంట్లో వైరు పోవడానికి ఖాళీలు బోలెడు. ట్రస్ కర్రకు ఇంజినీరు అనుమతి లేకుండా ఒక్క బెజ్జం కూడా వేయకూడదు.

మామూలు చెక్కే అని తేలాక కూడా, బెజ్జాల సంఖ్య తగ్గించే మార్గం వెతకండి. జాయిస్టు పొడవునా పోయే వైరుకు బెజ్జం అక్కర్లేదు. దాని పక్కన, అంచుకు ఒకటింపావు అంగుళం లోపలగా స్టేపుల్ కొడితే సరి. కాబట్టి అడ్డంగా దాటాల్సిన పని ఒకే వరసలో ముగించి, అక్కడి నుంచి ఒక్కో వైరునూ జాయిస్టు వెంట మళ్లించండి. పథకం కాగితం మీద గీసుకుంటే 60 అనుకున్న బెజ్జాలు 35కి దిగడం మామూలే.

14.5 అంగుళాల లెక్క

జాయిస్టుల మధ్య సందు 14.5 అంగుళాలు. డ్రిల్లు వెనక చివర నుంచి బిట్టు మొన దాకా కొలిచిన పొడవు దీనికంటే కొంచెం తక్కువుంటేనే బెజ్జం తిన్నగా పడుతుంది. ఎక్కువైతే డ్రిల్లును కిందికి వంచి ఏటవాలుగా వేయాలి. అలా వేసిన బెజ్జం గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా సాగుతుంది. పక్క జాయిస్టులో బెజ్జంతో వరస కలవదు. వైరు లాగుతుంటే ప్రతి అంచుకూ ఒరుసుకుని పై తొడుగు గీసుకుపోతుంది.

మామూలు 18 వోల్టుల డ్రిల్లు 7 నుంచి 8 అంగుళాలు. 6 అంగుళాల స్పేడ్ బిట్టు (చివర చదునైన రెక్క ఉండే బిట్టు) చక్‌లోకి, అంటే బిట్టును పట్టే దవడలోకి, పోగా 5 అంగుళాలు బయట ఉంటుంది. మొత్తం 12, 13. ఇరుకే కానీ పడుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ (సుత్తి దెబ్బలతో తిప్పుతూ స్క్రూలు బిగించే పొట్టి పనిముట్టు) అయితే 5 అంగుళాలే. దానికి 4 అంగుళాల పొట్టి స్పేడ్ బిట్టు పెడితే మొత్తం 9 లోపు, సందులో హాయిగా తిరుగుతుంది. తల పక్కకు 90 డిగ్రీలు తిరిగి ఉండే లంబకోణపు డ్రిల్లు లేకపోతే పనే జరగదన్న మాట ఈ పొట్టి బిట్లు వచ్చాక చెల్లదు. కానీ జాయిస్టులు 12 అంగుళాలకు ఒకటి ఉన్న ఇళ్లలో సందు పదిన్నరే. ఏసీ డక్టు పక్కన, మెట్ల దగ్గర, అడ్డ దుంగలున్న చోట ఇంకా తక్కువ. అక్కడ లంబకోణానిదే రాజ్యం. కొనే ముందు టేపు పట్టుకెళ్లి మీ ఇంట్లో అతి ఇరుకైన సందు కొలవండి.

డ్రిల్లులు, ఒక్కొక్కటిగా

ఇంపాక్ట్ డ్రైవర్. చాలామంది ఇళ్లలో ఇప్పటికే ఉంటుంది. 20, 25 బెజ్జాల దాకా దీన్నే వాడమని మా సలహా. బిట్టు బిగుసుకున్నప్పుడు లోపలి సుత్తి టకటకా కొడుతుందే తప్ప ఆ తిప్పుడు మణికట్టుకు పూర్తిగా రాదు. నిచ్చెన మీద తల పైకెత్తి పని చేసేవాళ్లకు ఇది పెద్ద రక్షణ. లోపం మోత. మూసిన బేస్‌మెంట్‌లో చెవులు గింగిరాలెత్తుతాయి, ఇయర్ ప్లగ్గులు లేకుండా ముట్టుకోవద్దు. ముప్పావు అంగుళం బెజ్జం చకచకా వేస్తుంది. అంగుళం దాటితే నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది. బిట్టు మీద ఇంపాక్ట్‌కు పనికొస్తుందని రాసి ఉండాలి. లేకపోతే సన్నటి పావు అంగుళం హెక్స్ షాంక్ (ఆరు పలకల కాడ) మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది.

మామూలు డ్రిల్లు. స్పేడ్ బిట్టుతో పది బెజ్జాలకు ఫరవాలేదు. స్క్రూ మొన ఉన్న పెద్ద బిట్టు పెడితే మాత్రం జాగ్రత్త: మేకు తగిలిన క్షణంలో డ్రిల్లు పిడి గిర్రున తిరిగి బొటనవేలిని జాయిస్టుకు నొక్కేస్తుంది. పక్క పిడి తప్పనిసరిగా బిగించండి, గేరు 1లోనే ఉంచండి.

ఇంపాక్ట్ డ్రైవర్‌కు తగిలించే లంబకోణపు తల. తక్కువ ధరకు దొరుకుతుందని చాలామంది కొంటారు. ఇరుకులో స్క్రూ బిగించడానికి బంగారం లాంటిది. బెజ్జాల పనికి మాత్రం నమ్ముకోవద్దు. లోపలి గేర్లు చిన్నవి, వరసగా ముప్పావు అంగుళం బెజ్జాలు వేస్తే తల చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, బిట్టు పట్టు వదులై ఊగుతుంది. ఇరుక్కున్న రెండు మూడు బెజ్జాల వరకే దాని పని.

చిన్న లంబకోణపు డ్రిల్లు, 3/8 అంగుళం చక్‌తో. మకీటా, మిల్వాకీ, డివాల్ట్ అందరూ చేస్తారు. తల చిన్నది, బరువు తక్కువ, ఒంటి చేత్తో పైకెత్తవచ్చు. ముప్పావు అంగుళం స్పేడ్ బిట్టుతో ఒక బేస్‌మెంటంతా వేయగలదు. కానీ అంగుళం ఆగర్ (మెలిక తిరిగిన పొడవాటి బిట్టు) పెడితే మోటారు మొరాయిస్తుంది. తర్వాత కూడా ఇంట్లో చిన్న పనులు చేసుకునేవాళ్లు కొని ఉంచుకోదగ్గది ఇదే.

జాయిస్ట్ అండ్ స్టడ్ డ్రిల్లు. ఎలక్ట్రీషియన్ల చేతిలో కనిపించే మొద్దు తల యంత్రం: మిల్వాకీ హోల్ హాగ్, సూపర్ హాగ్, డివాల్ట్ 60 వోల్టుల ఫ్లెక్స్‌వోల్ట్ రకం. అర అంగుళం చక్, లేదా 7/16 అంగుళం హెక్స్ షాంక్‌ను టక్కున పట్టుకునే తల. రెండు వేగాలు. అంగుళంపావు ఆగర్‌ను కూడా జామపండులో కత్తిలా దింపుతుంది. అంతే బలంగా మిమ్మల్నీ తిప్పుతుంది. బ్యాటరీతో బరువు పది పౌండ్ల పైమాటే, గంటసేపు తలపైన పట్టుకుంటే భుజాలు లాగేస్తాయి. ధర ఎక్కువ. ఒక్క ఇంటి పనికి కొనడం తెలివైన పని కాదు. పనిముట్లు అద్దెకిచ్చే చోట ఒక రోజుకు తెచ్చుకోండి. అద్దెకు తెచ్చే ముందురోజే గుర్తులన్నీ గీసి పెట్టుకుంటే 100 బెజ్జాలు ఒక్క పూటలో అయిపోతాయి. తీగ ఉన్న రకం తెస్తే పొడవాటి సన్న ఎక్స్‌టెన్షన్ కార్డు వాడకండి. వోల్టేజీ పడిపోయి మోటారు కాలుతుంది, 12 గేజ్ లావు కార్డు ఉండాలి. బ్యాటరీ రకమైతే పెద్ద బ్యాటరీయే పెట్టండి. చిన్న 2 ఆంపియర్-అవర్ బ్యాటరీతో ఇంత మోటారు బెజ్జం మధ్యలోనే ఆగిపోతుంది.

దీంట్లో క్లచ్ ఉందో లేదో తప్పక అడగండి. బిట్టు బిగుసుకుంటే తిప్పుడు ఆపేసే ఏర్పాటు అది. పాత తీగ రకాల్లో ఉండదు, కొన్నింట్లో నెమ్మది గేరులోనే పని చేస్తుంది. మొదటిసారి వాడేవాళ్లు క్లచ్ లేనిది తీసుకోవద్దు.

మా తీర్పు ఇది. 25 బెజ్జాల లోపు: ఉన్న ఇంపాక్ట్ డ్రైవరు, ఒక మంచి పొట్టి బిట్టు. 25 నుంచి 80 దాకా, సైజు ముప్పావు అంగుళమే అయితే: చిన్న లంబకోణపు డ్రిల్లు. అంతకు మించితే, లేదా అంగుళం పైన సైజు చాలా వేయాల్సి ఉంటే: పెద్ద యంత్రం అద్దెకు.

డ్రిల్లు కంటే బిట్టు ముఖ్యం

మొద్దుబారిన బిట్టు పెడితే ఏ డ్రిల్లయినా ఒకటే. పొగ వస్తుంది, చెక్క నల్లబడుతుంది, మీరు బలమంతా పెట్టి తోస్తారు, అప్పుడే ప్రమాదం.

చప్పిడి స్పేడ్ బిట్టు చవక. మొన సూదిలా ఉంటుంది, దానంతట అది లోపలికి పోదు, మీరే తోయాలి. తలపైన చేసే పనిలో ఈ తోపుడే చేతులను అలిసేలా చేస్తుంది. మేకు తగిలి పాడైతే బాధ లేదు, ఇంకోటి తీస్తారు. పాత మేకులు ఎక్కువగా ఉన్న ఇంట్లో ఇదే మేలు.

స్క్రూ మొన ఉన్న స్పేడ్ బిట్టు మధ్యేమార్గం. మొన చెక్కను పట్టి బిట్టును లోపలికి లాక్కుంటుంది. మన వడ్రంగులు చేత్తో తిప్పే బరమా కూడా మొన మర తోనే చెక్కలోకి దిగుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్‌తో దీనికి మంచి జోడీ. ముప్పావు అంగుళం సైజులో రెండు కొనండి. ఒకటి మేకుకు బలైతే పని ఆగదు.

షిప్ ఆగర్ గుల్లగా మెలిక తిరిగిన పొడవాటి బిట్టు. పొట్టును మెలిక వెంట బయటికి తోసేస్తుంది కాబట్టి రెండు జాయిస్టులు కలిపి కొట్టిన 3 అంగుళాల మందంలో కూడా ఎక్కడా ఆగదు. బెజ్జం లోపలి గోడ నున్నగా వస్తుంది. కానీ మొన స్క్రూ మేకుకు తగిలి ఒక్కసారి నలిగితే అది ఇక చెక్కను పట్టదు, బిట్టు అక్కడక్కడే తిరుగుతుంది. మేకులను కోసుకుపోయేలా చేసిన ఆగర్లు కూడా దొరుకుతాయి, ధర ఎక్కువ. పాత ఇంట్లో వంద బెజ్జాలుంటే ఆ ధర గిట్టుబాటవుతుంది.

ప్లంబర్లు వాడే సెల్ఫ్-ఫీడ్ బిట్టు, హోల్ సా (గుండ్రటి రంపం) ఈ పనికి వద్దు. హోల్ సా ప్రతి బెజ్జానికీ లోపల ఒక చెక్క బిళ్ల వదులుతుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీయడానికి పట్టే టైములో ఇంకో నాలుగు బెజ్జాలు వేయొచ్చు.

సీలింగు డ్రైవాల్ (జిప్సం పలక) తీయకుండా వైరు పంపాలంటే 54, 72 అంగుళాల ఒంగే బిట్టు ఉంటుంది. దాని మొన ఎటు పోతుందో కళ్లకు కనిపించదు. లోపల నీళ్ల పైపు, కరెంటు తీగ ఉండొచ్చు. తెరిచి ఉన్న సీలింగులో దాన్ని వాడాల్సిన పనే లేదు.

సైజు, చోటు

14/2 (14 గేజ్ తీగలు రెండు ఉన్న) తెల్లటి రోమెక్స్ గానీ 12/2 పసుపుది గానీ రెండు వైర్లకు ముప్పావు అంగుళం చాలు. కరెంటు పొయ్యికో ఎలక్ట్రిక్ కారు ఛార్జరుకో పోయే 6 గేజ్ వైరుకు అంగుళం. బెజ్జంలో వైర్లు వదులుగా కదలాలి. మూడు నాలుగు కుక్కితే ఒకదాన్ని లాగినప్పుడు పక్కదాని తొడుగు కాలుతుంది. పైగా రెండుకు మించి వైర్లున్న బెజ్జాన్ని ఫోమ్‌తోనో ఇన్సులేషన్‌తోనో మూసేస్తే వేడి బయటికి పోదు. ఆ వైర్లను తక్కువ కరెంటుకు లెక్కగట్టాలని అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ చెబుతుంది. బెజ్జానికి రెండు అన్న లెక్క తప్పకుంటే ఈ తలనొప్పి లేదు.

సీలింగు మూయని బేస్‌మెంట్‌లో చిన్న వైర్లను జాయిస్టుల కింది అంచుకు అడ్డంగా స్టేపుల్ కొట్టకూడదు, బెజ్జాల గుండానో పలక మీదో పోవాలి. రెండు 6 గేజ్ తీగలు లేదా మూడు 8 గేజ్ తీగలు, అంతకంటే లావు ఉన్న వైరుకు మాత్రం కింది అంచు మీద కొట్టే వెసులుబాటుంది. కాబట్టి సీలింగు మూసే ఆలోచన లేకపోతే కారు ఛార్జరు వైరు కోసం పెద్ద డ్రిల్లు అద్దెకు తేనక్కర్లేదు.

ఇక ఎక్కడ వేయాలి? అమెరికా రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం మామూలు చెక్క జాయిస్టులో బెజ్జం వెడల్పు జాయిస్టు ఎత్తులో మూడో వంతు దాటకూడదు. బెజ్జం అంచుకూ జాయిస్టు పై, కింది అంచులకూ, ఇంకో బెజ్జానికీ మధ్య కనీసం 2 అంగుళాలు చెక్క మిగలాలి. కెనడాలో నాలుగో వంతు, అంచు నుంచి 50 మిల్లీమీటర్లు. వైరు బెజ్జాలు చిన్నవి కాబట్టి వెడల్పుతో ఇబ్బంది రాదు, ఎక్కువమంది తప్పేది 2 అంగుళాల దగ్గరే. 2x10లో ముప్పావు అంగుళం బెజ్జానికి కేంద్రం కింది అంచు నుంచి 2 అంగుళాల 3/8 కంటే కిందికి రాకూడదు. మేమైతే అందరికీ చెప్పేది: ఎత్తు సగంలో, అంటే 4 అంగుళాల 5/8 దగ్గర గుర్తు పెట్టండి. జాయిస్టు వంగినప్పుడు కింది అంచు సాగుతుంది, పై అంచు నొక్కుకుంటుంది. నట్టనడుమ ఆ రెండూ తక్కువ. రెండో బెజ్జం దాని పైనా కిందా కాకుండా పక్కన, 4 అంగుళాల దూరంలో వేయండి. జాయిస్టు కింది అంచులో గాడి కోసి వైరు పెట్టే ఆలోచన మాత్రం చేయొద్దు.

వైరుకూ చెక్క అంచుకూ మధ్య ఎలక్ట్రికల్ కోడ్ ఒకటింపావు అంగుళం అడగడానికి కారణం డ్రైవాల్ స్క్రూ. అర అంగుళం డ్రైవాల్ దాటి స్క్రూ చెక్కలోకి ముప్పావు నుంచి అంగుళానికి పైగా దిగుతుంది. వైరు అంతకంటే లోపల ఉంటే క్షేమం. ఎక్కడైనా తప్పక అంచుకు దగ్గరైతే 1/16 అంగుళం మందం ఉక్కు ప్లేటు కొట్టాలి.

చికాగోలో, దాని చుట్టుపక్కల చాలా ఊళ్లలో ఇళ్లకు రోమెక్స్ ఒప్పుకోరు, ఇనుప పైపే వేయాలి. పది అడుగుల బిరుసు పైపు జాయిస్టుల బెజ్జాల్లోకి ఎక్కించడం వేరే విద్య. నేపర్‌విల్ వంటి చోట ఉండేవాళ్లు డ్రిల్లు సంగతి ఆలోచించే ముందే ఊరి బిల్డింగ్ ఆఫీసును అడగండి. ఎక్కడున్నా పర్మిట్ సంగతి కూడా అక్కడే తేల్చుకోవాలి.

పని చేసేటప్పుడు

మొదటి, చివరి జాయిస్టుల మీద కేంద్రం గుర్తు పెట్టి లేజర్ గీత కొట్టండి. లేజర్ లేకపోతే జాయిస్టుల కింది అంచుల మీద చాక్ దారం లాగి, అక్కడి నుంచి మూలమట్టంతో పైకి గీసుకోవచ్చు. పక్కపక్క బెజ్జాలు పావు అంగుళం తేడాలో ఉంటే వైరు జారుతుంది, అంగుళం తేడా ఉంటే ప్రతి చోటా పట్టుకుంటుంది.

ప్రతి జాయిస్టుకూ వెనక వైపు కూడా చూడండి. బిట్టు బయటికి వచ్చే చోట పాత వైరు, రాగి పైపు, గ్యాసు గొట్టం ఉండొచ్చు. దగ్గర్లో వైరు ఉంటే ఆ బ్రేకర్ దించండి.

పెద్ద లంబకోణపు డ్రిల్లు పట్టుకునే తీరు నేర్చుకుని మొదలుపెట్టండి. బిట్టు సవ్యంగా తిరుగుతుంది, అది బిగుసుకుంటే యంత్రం ఎదురు తిరుగుతుంది. మీరు బిట్టు మొన వైపు చూస్తూ నిలబడి, యంత్రం ఒళ్లు మీ కుడికి ఉండేలా పట్టుకుంటే, బిగుసుకున్నప్పుడు అది పైకి లేచి పై అంతస్తు పలకకు తగిలి ఆగుతుంది. ఎడమకు ఉంటే కిందికి, మీ ముఖం వైపు వస్తుంది. కుడికి పట్టుకున్నా సరే, యంత్రానికీ పై పలకకూ మధ్య వేళ్లు ఉండకూడదు. బిట్టును వెనక్కి తిప్పి తీసేటప్పుడు తిప్పుడు తిరగబడుతుందని మరచిపోవద్దు. అప్పుడు కింది నుంచి చేత్తో ఆపుకోవాలి.

బిట్టు అవతలి ముఖం చీల్చుకు వచ్చే చివరి క్షణం గమనించండి. అప్పటిదాకా మెలికలుగా రాలే పొట్టు ఒక్కసారి పీచు పీచుగా మారుతుంది, శబ్దం బోలుగా వినిపిస్తుంది. అక్కడ ట్రిగ్గరు సగం వదలండి. తోస్తూ పోతే స్పేడ్ బిట్టు రెక్క చెక్క పెచ్చును పట్టుకుని కుదుపుతుంది, అవతల పెద్ద పెచ్చు ఊడుతుంది.

మధ్యలో కిర్రుమని ఇనుప శబ్దం వస్తే మేకు. ఆపి, బిట్టు వెనక్కి తీసి, టార్చి వేసి చూడండి. అంగుళంన్నర పక్కకు జరగడం బిట్టు పాడుచేసుకోవడం కంటే నయమనిపిస్తుంది, కానీ మొదటి బెజ్జం సగం పడి ఉంటే దానికీ కొత్తదానికీ మధ్య 2 అంగుళాలు వదలాలి. ముడి తగిలితే మాత్రం పక్కకు జరగండి. కింది అంచు దగ్గర పెద్ద ముడి ఉన్న చోట జాయిస్టు ముందే బలహీనంగా ఉంటుంది.

కళ్లద్దాలు పక్కలు మూసి ఉన్నవే పెట్టుకోండి. తలపైన పనిలో పొట్టు నేరుగా కళ్లలోకే రాలుతుంది. ప్రతి పది బెజ్జాలకు బిట్టు మీద చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. వేడి కొడుతుంటే మొద్దుబారిందన్న మాటే, స్పేడ్ అంచులను సన్న ఆకురాయితో రెండు గీతలు గీస్తే మళ్లీ కోస్తుంది.

బెజ్జాలన్నీ అయ్యాక వేలు పెట్టి అంచులు తడమండి, లేచిన పెచ్చులను ఉలితో గీకేయండి. ఆ తర్వాతే వైరు చుట్టను నేల మీద విప్పి, మెలికలు తీసి, ఒకరు అవతల లాగుతుంటే ఒకరు ఇవతల అందించండి. బెజ్జాలు నాలుగున్నర అడుగుల లోపు దూరంలో ఉంటాయి కాబట్టి దారిలో స్టేపుల్ అక్కర్లేదు. స్విచ్చు, ప్లగ్గు పెట్టె దగ్గర మాత్రం కావాలి: బిగింపు లేని ఒంటి ప్లాస్టిక్ పెట్టెకు 8 అంగుళాల లోపు, మిగతావాటికి 12 అంగుళాల లోపు. ఇన్‌స్పెక్టర్ రఫ్-ఇన్ (మూయకముందు వేసిన వైరింగు) చూసి సంతకం పెట్టేదాకా ఆ సీలింగుకు డ్రైవాల్ ఎక్కించకండి.